ఎంగిలి ముక్కలు

మా ఆయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని నా మొహంలోకి చూసి అన్న మొదటి మాట: "సాంబారులో ఉప్పు వేశానంటున్నావు. అరవై ఎనిమిది శాతమే నిజం."

పెళ్ళయిన పాతికేళ్ళలో ఆయన నా మొహంలోకి అంతసేపు చూడడం అదే మొదటిసారి కాబట్టి, కోప్పడాలో సిగ్గుపడాలో తేల్చుకోలేకపోయాను. ఉప్పు డబ్బా తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టి, "మిగతా ముప్ఫై రెండు శాతం మీరు వేసుకోండి," అన్నాను.

ఆ కళ్ళజోడు అంచులో ఆవగింజంత కెమెరా ఉంది. ఎదుటి మనిషి మెడ దగ్గర కొట్టుకునే నాడి, రెప్పపాటు, వేలికొసల వణుకు, అన్నీ చూస్తుంది. చూసింది చెవిలో ఉన్న చిన్న పూసకి చెబుతుంది, పూస ఆయనకి చెబుతుంది. పేకాటలో ముక్కల లెక్క ఎప్పటిదో. కట్టలో ఇంకా ఎన్ని ఆసులు మిగిలాయి, వచ్చే ముక్క మనకి పనికొచ్చే అవకాశం ఎంత, ఇవన్నీ ఓపికున్నవాళ్ళు వేళ్ళమీద కట్టేసుకోవచ్చు. తేలనిది ఎదురుగా కూర్చున్న మనిషి లెక్క. వీడి చేతిలో నిజంగా ఉందా, ఉన్నట్టు నటిస్తున్నాడా? నేను పందెం పెంచితే నిలబడతాడా, పడేస్తాడా? మా ఆయన దక్షిణామూర్తి విశాఖలో ఒక పరిశోధనశాలలో ఆ లెక్క తేల్చే పనిలో ఉండేవారు. తేల్చేశాననే అనుకున్నారు.

ల్యాబులో డబ్బిచ్చి కూర్చోబెట్టిన మనుషులు కెమెరాని చూడగానే పెళ్ళి ఫోటోకి నిలబడ్డట్టు బిగుసుకుపోయేవారట. అసలైన మొహాలు కావాలని ఆదివారాలు ఆట మా ఇంటికి మార్చారు. ఆయన, మా అత్తగారు రత్నమాంబ, నేను. ఆయన దగ్గర పనిచేసే నస్రీన్ ఒక పక్కన కూర్చుని కంప్యూటర్లో ఎక్కించుకునేది. ఆట పేరు పోకర్. మనిషికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు. నమ్మకం ఉన్నవాళ్ళు పందెం పెంచుతారు, లేనివాళ్ళు "ప్యాక్" అని ముక్కలు పడేస్తారు. డబ్బు లేదు, చింతగింజలే. అత్తగారు వాటిని ఇత్తడి చెంబులో దాచి, ఆటవగానే లాకెట్టు దాచుకున్నట్టు బీరువాలో పెట్టేవారు.

మొదటి ఆదివారమే నస్రీన్ ఒక తప్పు చేసింది. అత్తగారు ప్యాక్ చేసి బోర్లా పెట్టిన ముక్కల్ని, లోపల ఏమున్నాయో ఎక్కించుకోడానికి తిప్పబోయింది.

"ముట్టుకోకమ్మాయ్!" అని అత్తగారు అరిచిన అరుపుకి పిల్ల చెయ్యి గాల్లో ఆగిపోయింది. "పడేసిన ముక్కలు ఎంగిలి. ఎంగిలి కంచంలో చెయ్యి పెడతావా?"

"అది కాదు మామ్మగారూ, డేటా కోసం..."

"దేనికోసమైనా సరే. మా మామగారి కాలం నించీ ఈ ఇంట్లో అంతే."

నస్రీన్ మా ఆయన వైపు చూసింది. ఆయన నవ్వి, "వదిలెయ్. ప్యాక్ చేశారంటే ఏమీ లేవనే కదా. అదే ఎక్కించు," అన్నారు.

ఆ అమ్మాయి అదే ఎక్కించింది. ఆ తర్వాత వరసగా ప్రతి ఆదివారం అదే.

ఎంగిలి విషయంలో ఏ ఇంట్లోనైనా ఒక మినహాయింపు ఉంటుంది. అందరూ లేచి చేతులు కడుక్కున్నాక ఆ కంచాలు ఎత్తేది ఎవరు? కోడలు. ఆట అయ్యాక ముక్కలు ఏరి కట్టలో పెట్టేదాన్ని నేనే. ఏరేటప్పుడు చూస్తాను. చూడనని ఎవరికీ మాటివ్వలేదు.

అత్తగారికి నిజంగా చెత్త ముక్కలు వస్తే వాటిని తిడతారు. "దరిద్రప్పీనుగులు" అని బల్లమీదికి విసురుతారు. మంచి ముక్కలు వచ్చి, అవతల కొడుకు పందెం పెంచితే మాత్రం, రెండు ముక్కల్నీ ఒకదానిమీద ఒకటి అంచులు కలిపి సర్ది, బోర్లా పెట్టి, అరచేత్తో మెల్లిగా ఒకసారి తడతారు. పసిపిల్లని జోకొట్టినట్టు. ఒక ఆదివారం ఆవిడ అలా జోకొట్టినవి ఇద్దరు రాణులని ఏరేటప్పుడు చూశాను. బల్ల మీద మూడో రాణి ఉంది. కొడుకు చేతిలో ఉన్నది ఎనిమిది, నాలుగు.

కారణం పెద్ద రహస్యమేం కాదు. మా ఆయన ఓడిపోతే అన్నం తినరు. చిన్నప్పుడు గోళీలాటలో మొదలైన జబ్బు, యాభై దాటినా తగ్గలేదు. తలనొప్పి అంటారు, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటారు. అత్తగారు ప్రేమకొద్దీ పడేసేవారు. నాకూ అప్పుడప్పుడూ మంచి ముక్కలు వచ్చేవి. వండిందంతా గిన్నెలు మార్చి ఫ్రిజ్‌లో సర్దే ఓపిక లేక నేనూ పడేసేదాన్ని. మధ్యాహ్నాలు ఆయన ల్యాబులో ఉండగా మేమిద్దరం ఆడినప్పుడు మాత్రం ఆవిడ ఒక్క గింజ కూడా ఊరికే వదిలిన పాపాన పోలేదు. "నీ పుట్టింట్లో ఆట నేర్పలేదా, వంటలాగే?" అంటూ నా వాటా అంతా చెంబులోకి ఊడ్చుకునేవారు. ఆవిడ అసలు ఆట అది. దాన్ని కెమెరా ఎప్పుడూ చూడలేదు.

ఒకరోజు క్యారియర్ మరిచిపోయారని ల్యాబుకి పట్టుకెళ్ళాను. లోపల గోడంత తెరమీద మా అత్తగారి మొహం. ముక్కుపుడక పళ్ళెమంత ఉంది. కింద అక్షరాలు: చేతిలో ఏమీ లేదు, నమ్మకం తొంభై నాలుగు శాతం. పక్కన తేదీ. అది ముగ్గురు రాణుల ఆదివారం.

"ఏమిటిది?" అన్నాను.

"వచ్చే నెల మొదటి బుధవారం ప్రదర్శన ఉంది. ఆస్పత్రుల వాళ్ళు వస్తున్నారు," అంది నస్రీన్ ఉత్సాహంగా. "పేషెంటు 'ఆపరేషన్ వద్దు' అంటాడనుకోండి, అది నిజంగా మనసులో మాటా, భయంతోనో మొహమాటంతోనో అన్నదా, మంచం పక్కనే చెప్పేస్తుంది మేడమ్. ప్రతి వార్డులో పెడతారట."

"ఆ రోజు ఆవిడ చేతిలో..." అని మొదలుపెట్టాను.

"హేమా," అన్నారు మా ఆయన తల తిప్పకుండా, "క్యారియర్ అక్కడ పెట్టు. ఇది వందల గంటల డేటా. నువ్వు బి.ఏ.లో చదివిన రాజుల కథలు కాదు."

నస్రీన్ తల దించుకుంది. నేను రాణుల కథ నోట్లోనే ఉంచుకుని క్యారియర్ అక్కడ పెట్టాను. పెట్టి, చెంచా మాత్రం సంచీలో వేసుకుని ఇంటికి వచ్చేశాను. ఆ రోజు పెరుగన్నం.

ఈలోగా ఆ కళ్ళజోడు మా బతుకుని జల్లెడ పట్టేసింది. పాలవాడు నీళ్ళు కలపలేదని ఒట్టేస్తే ఆయన గుమ్మంలో నిలబడి "ఇరవై రెండు" అన్నారు. వాడు మర్నాటి నించి రాలేదు. మా ఆడపడుచు ఫోన్లో "నువ్వంటే నాకెంత ప్రేమరా తమ్ముడూ" అంటే, వీడియో పెట్టమని, చూసి, "యాభై ఒకటి" అన్నారు. ఆవిడ ఫోన్లే మానేసింది. చుట్టాలు రావడం తగ్గింది. వచ్చినవాళ్ళు కాఫీ బాగుందని చెప్పడానికి కూడా భయపడ్డారు. నేను ఆయనతో అవసరమైన మాటలే మాట్లాడేదాన్ని, అవీ వేరే గదిలోంచి.

అలాంటి రోజుల్లో అత్తగారు మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో కూలబడిపోయారు. గుండె కవాటం పాడయిందన్నారు. సర్జన్ అరమరికలు లేకుండా చెప్పాడు: ఆపరేషన్ చేస్తే నూటికి ఎనభై ఐదు మంది లేచి నడుస్తారు. బుధవారం ఖాళీ ఉంది. అది వదులుకుంటే మళ్ళీ ఎప్పుడో చెప్పలేను, ఈ కవాటం అంతవరకూ ఆగుతుందని అసలే చెప్పలేను. ఆదివారం సాయంత్రంలోగా ఏ సంగతీ ఫోన్ చెయ్యండి.

ఆదివారం పొద్దున్న మా ఆయన తల్లి మంచం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని కళ్ళజోడు సర్దుకున్నారు.

"అమ్మా, నిజం చెప్పు. ఆపరేషన్ చేయించుకుంటావా?"

"వద్దురా బాబూ. ఈ వయసులో నాకెందుకా కోతలు? చూడాల్సినవన్నీ చూసేశాను. నువ్వు బుధవారం నీ పని చూసుకో."

ఆ మాట అంటూ ఆవిడ బల్లమీద చెదిరిన రెండు మాత్రల అట్టల్ని దగ్గరికి లాక్కున్నారు. ఒకదానిమీద ఒకటి అంచులు కలిపి సర్ది, అరచేత్తో మెల్లిగా తట్టారు.

గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడ్డ నాకు వేళ్ళు కాలుతున్న సంగతి కూడా తెలియలేదు.

మా ఆయన హాల్లోకి వచ్చి, "తొంభై మూడు శాతం. మనస్ఫూర్తిగానే వద్దంటోంది," అన్నారు. "నేను బలవంతం చెయ్యను. సాయంత్రం ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను."

"ఆవిడ అబద్ధం చెబుతున్నారు."

"నీకెలా తెలుసు?"

"మొన్ననే టైలరుకి నాలుగు జాకెట్లు ఇచ్చారు. ఒళ్ళు చేస్తానేమో, లోపల గుడ్డ ఎక్కువ వదలమన్నారు. పోదామనుకునేవాళ్ళు ఎవరైనా కుట్లు విప్పుకోడానికి గుడ్డ వదిలించుకుంటారా?"

"జాకెట్లు!" అన్నారాయన. "నేను ఏళ్ళ తరబడి పోగుచేసిన కొలతల గురించి చెబుతుంటే నువ్వు జాకెట్లు అంటావు. నీకు మా అమ్మతో ఒక్కరోజు పడింది లేదు. ఇప్పుడు ఆవిడ మనసు నీకు నాకంటే తెలుసా?"

"పడలేదు కాబట్టే తెలుసు."

"నీకు నచ్చని మాట యంత్రం చెబితే యంత్రం తప్పు. అంతేగా?"

"సాయంత్రం దాకా టైముంది కదా," అన్నాను. "నస్రీన్ ఎలాగూ వస్తుంది. ఒక్క ఆట ఆడి చెయ్యండి ఆ ఫోను."

"ఈ పరిస్థితిలో ఆటా?"

లోపల్నించి అత్తగారి గొంతు వినిపించింది. "చెంబు బీరువాలో ఉంది. నీ పెళ్ళానికి తాళం తీయడం రాదు, నువ్వు తియ్యరా."

బల్లని మంచం దగ్గరికి జరిపాం. ముక్కలు నేను కలిపాను. నేను బి.ఏ. చదివింది గుంటూరులో, హాస్టల్లో ఉండి. రాజుల కథలు కొన్ని మరిచిపోయాను కానీ, కలుపుతున్నట్టే కలుపుతూ కావలసిన ముక్కల్ని అడుగున ఉంచుకోవడం మా రూమ్మేట్ నేర్పింది, అది మరిచిపోలేదు. అత్తగారికి రెండు ఆసులు పంచాను. ఆయనకి రెండు తొమ్మిదులు. బల్లమీద పరిచిన మొదటి మూడింటిలో ఇంకో ఆసు, పక్కన పనికిరానివి రెండు.

బల్లమీద ఆసు చూసి ఆయన కాసేపు ఆగారు. తల్లి మొహంలోకి చూశారు. చెవిలో పూస ఏదో చెప్పింది. కుదుటపడి, గుప్పెడు గింజలు ముందుకు తోశారు.

నేను ప్యాక్.

అత్తగారు తన ముక్కల వంక ఇంకోసారి చూసుకున్నారు. మూలుగుతూ, రెండింటినీ ఒకదానిమీద ఒకటి సర్దారు. అంచులు కలిపారు. తట్టారు.

"తీసుకోరా. నీదే."

"తొంభై నాలుగు అంది," అన్నారాయన నస్రీన్‌తో, గింజలు లాక్కుంటూ. "ఏమీ లేదని."

నేను చెయ్యి చాపాను.

"ఏయ్! ముట్టుకోకే! ఎంగిలి!" మంచంమీద మనిషి అంత గట్టిగా అరుస్తుందని ఎవరూ అనుకోలేదు.

ముట్టుకున్నాను. రెండూ తిప్పి, బల్లమీది ఆసు పక్కన పెట్టాను. ముగ్గురు అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి.

ముందు తేరుకుంది నస్రీన్. "సర్," అంది సన్నగా, "ప్యాక్ చేసిన ముక్కలు మనం ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. మామ్మగారు పడేసిన ప్రతిసారీ 'ఏమీ లేదు' అని ఎక్కించాను. యంత్రం నేర్చుకున్నది అదే. ఉన్నది వదిలేసుకునే మొహం చూసి, ఏమీ లేని మొహం అనుకుంటోంది." కంప్యూటర్ మూసేసింది. "సర్, దీన్ని వార్డుల్లో పెడతామన్నాం."

మా ఆయన ఆ అమ్మాయి వైపు చూడలేదు. నా మీద పడ్డారు. "నువ్వు కలిపేటప్పుడు ఏదో చేశావు."

"చేశాను."

"అంటే మోసం!"

"ఆసులు ఇచ్చింది నేనే. పడెయ్యమని నేను చెప్పలేదు."

ఆయన తల్లి వైపు తిరిగారు. "ఎందుకమ్మా?"

అత్తగారు ఎవరి వైపూ చూడకుండా, "ఓడిపోతే నువ్వు అన్నం తినవు కదరా," అన్నారు.

"నాకు యాభై రెండేళ్ళమ్మా!"

"అయితే? దసరాకి మీ అక్క చేతిలో ఓడిపోయి పులిహోర ముట్టుకున్నావా?"

ఆయన మొహం ఆ క్షణంలో ఎలా ఉందో నేను చెప్పను. మనిషి ఒక్కసారిగా తన గెలుపులన్నీ వెనక్కి తిరిగి లెక్కపెట్టుకుంటున్నాడని మాత్రం తెలిసింది. గోళీల దగ్గర్నించీ.

కనికరం చూపించాల్సిన సమయమే. చూపించలేదు. "అత్తయ్యా, పొద్దున్న ఆపరేషన్ వద్దని మాత్రల అట్టలు సర్దారే, అదీ ఇలాగే పడేశారా?"

"నోర్ముయ్యవే! ఎంగిలి కెలికిందే కాక..."

"బుధవారం ఆయన ప్రదర్శన ఉందనే కదా?"

ఆవిడ గోడ వైపు తిరిగిపోయారు. గోడతో మాట్లాడుతున్నట్టు, "వాడు ఏళ్ళపాటు కష్టపడ్డాడు. నా కవాటానికి ఆ రోజే దొరికిందా?" అన్నారు. తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "బతకాలని లేదని ఎవరన్నారు? జాకెట్లు ఇంకా రానే లేదు," అన్నారు.

మా ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద, గింజల మధ్య పెట్టారు. ఉత్త కళ్ళతో తల్లి వీపు వంక చూశారు. ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళారు. "బుధవారం ఖాయం చెయ్యండి డాక్టరుగారూ" అన్న మాట మా ముగ్గురికీ వినిపించింది. ఆ తర్వాత ల్యాబుకి ఇంకో ఫోన్ చేశారు. అందులో ఎక్కువసేపు అవతలివాళ్ళే మాట్లాడారు.

ఆ పూట ఆయన అన్నం తినలేదు. నేను బతిమాలలేదు.

అత్తగారు ఆ ఎనభై ఐదు మందిలోనే ఉన్నారు. జాకెట్లు బిగుతయ్యాయి, కుట్లు విప్పుకున్నారు. నన్ను తిట్టడానికి ఊపిరి ఎప్పుడు సరిపోయిందో ఆ రోజే డాక్టరు ఇంటికి పొమ్మన్నాడు. పరిశోధనశాలలో ఆ డేటా అంతా పక్కన పడేశారు. నస్రీన్ మళ్ళీ మొదట్నించి పోగుచేస్తోంది. ఈసారి పడేసిన ముక్కలన్నీ తిప్పి చూస్తుందట, అందుకని మా ఇంటికి మాత్రం రాదట. మా ఆయనకి మిగిలింది ఆ కళ్ళజోడు ఒక్కటే, పాత లెక్కలతో.

తల్లికి గుండె నయమైంది కానీ కొడుకుకి నయం కాలేదు. ఎంతమంది ఎన్నిసార్లు తనకి వదిలేశారో ఆయన లోలోపల తవ్వుకుంటూనే ఉన్నారు. నాతో మాటలు తగ్గించారు. ముక్కలు తిప్పింది నేను కాబట్టి నేరం నాదే అన్నట్టు, నేను గదిలోకి వస్తే పేపరు పైకి లేచేది. ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తగారే చెంబు బయటికి తీయించి, "ఆడతారా, మీ ఇద్దరి మొహాలూ చూస్తూ మళ్ళీ ఆస్పత్రికి పొమ్మంటారా?" అన్నారు.

కూర్చున్నాం. ఆయన జేబులోంచి ఆ కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. పూస చెవిలో పెట్టుకుని, నా మొహంలోకి సూటిగా చూశారు.

"ఒక్కటి అడుగుతాను. నువ్వూ నాకోసం ఎప్పుడైనా పడేశావా?"

అత్తగారి చేతిలో గింజలు కదలడం ఆగింది.

"నేనా?" అన్నాను. "మీకోసమా? ఒక్కసారి కూడా లేదు."

ఆయన విన్నారు. ముందు నన్ను, తర్వాత పూసని. ఎన్నాళ్ళనించో బిగిసి ఉన్న భుజాలు కిందికి దిగాయి. "తొంభై ఏడు శాతం," అన్నారు. అత్తగారు చెంగు నోట్లో కుక్కుకున్నారు, నవ్వితే కుట్లు నొప్పెడతాయని.

ఈసారి ముక్కలు ఆయనే కలిపి పంచారు. నాకు రెండు, ఏడు వచ్చాయి. పోకర్లో అంతకంటే దిక్కుమాలిన జత లేదు. బల్లమీద పడ్డవీ నాకు చుట్టాలు కావు. ఆయన పందెం పెంచారు. అత్తగారు "దరిద్రప్పీనుగులు" అని విసిరేశారు. నేను నా ముందున్న గింజలన్నీ రెండు చేతులతో మధ్యలోకి తోశాను.

ఆయన నా మొహంలోకి చూశారు. నేను కాఫీ పొడి అయిపోయిందేమో ఆలోచిస్తూ కూర్చున్నాను. పూస ఏం చెప్పిందో నాకు తెలుసు. అన్నేళ్ళ ఆదివారాల్లో నేను మంచి ముక్కలు లేకుండా గింజలు ముందుకి తోసింది ఒక్కసారీ లేదు.

"ప్యాక్," అన్నారు. వెంటనే నా ముక్కల మీదికి చెయ్యి చాపారు. "చూపించు."

ఆయన చేతిమీద చిన్న దెబ్బ వేశాను. "ఎంగిలి."

"నువ్వే కదా ఆ రోజు..."

"చెబుతోంది కదరా, ముట్టుకోకు," అన్నారు అత్తగారు.

నేను కట్టలో కలిపేశాను. ఆయన ఆ పూట అన్నం తిన్నారు, వంకాయ కూర మారు కూడా వడ్డించుకున్నారు. ఆయన పడేసిన ముక్కలు ఇద్దరు రాజులని నాకు తర్వాత చెప్పింది అత్తగారు. ఆవిడకెలా తెలుసని నేను అడగలేదు.